థార్ దారుల్లో తొమ్మిది రోజులు

ఢిల్లీ, నోయిడా, ఫరీదాబాదు, గురుగ్రామ్ ప్రాంతాలలో ఉద్యోగరీత్యా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు విహారయాత్ర అనగానే ముందుగా స్ఫురించేవి హరిద్వారం, ఋషీకేశం, సిమ్లా, నైనితాల్. ఇవన్నీ కొండలకు పోయే దారులు. శీతాకాలపు సెలవులు వచ్చాయంటే ఊరికి పోయే రైలు టిక్కెట్ల వేటలో పడిపోతాము. పడమటి దిక్కున, ఒక్క పగటి ప్రయాణపు దూరంలో మొదలయ్యే థార్ ఎడారి వైపు చూపు సారించేవారు తక్కువ. వెళ్ళినవారు కూడా జైసల్మేర్ కోటను చూచి, ఒంటె సవారీ చేసి, రాత్రి డేరాలో నృత్యం తిలకించి, మరునాడే తిరుగుముఖం పడతారు. ఎడారిని చూడవలసినది రోడ్డు మీది నుండి అని మా నమ్మకం. నేల రంగు ఎక్కడ మారింది, చెట్టు ఎక్కడ పలచబడింది, బావి ఎక్కడ లోతయింది, ఇవి విమానం కిటికీలో కనిపించే సంగతులు కావు.

గడచిన డిసెంబరులో మేము, మా శ్రీమతి, మా కుమార్తె, మా బావమరిది దంపతులు కలిసి అయిదుగురము సొంత కారులో బయలుదేరి తొమ్మిది రోజులలో ఈ యాత్ర ముగించుకొని వచ్చాము. ఇది ఎల్.టి.సి. ఖాతాలోని యాత్ర కాదని సహోద్యోగులకు ముందుగానే మనవి. దారి ఇది: గురుగ్రామ్, రేవాడీ, నార్నౌల్, ఝుంఝునూ, ఫతేపూర్ మీదుగా బీకానేర్, అక్కడి నుండి ఫలోదీ, పోఖరణ్ మీదుగా జైసల్మేర్, తిరుగు ప్రయాణంలో జోధ్‌పూర్, సాంభర్, జైపూర్. రేవాడీ నుండి జైసల్మేర్ వరకు జాతీయ రహదారి 11 ఒక్కటే పట్టుకొని పోవచ్చు.

ఆరావళి అంచున

రాష్ట్రపతి భవనం నిలిచిన రైసినా గుట్ట ఆరావళి పర్వతశ్రేణికి ఈశాన్యపు కొస అన్న సంగతి ఢిల్లీలో ముప్పై ఏళ్ళు గడిపిన వారిలో కూడా చాలామందికి తెలియదు. ప్రపంచంలోని అతి ప్రాచీన పర్వతాలలో ఇదొకటి. గుజరాత్ నుండి ఢిల్లీ వరకు సుమారు 690 కిలోమీటర్లు సాగి, ఇక్కడ అలసి నేలకు ఆనుకొని పడుకున్నట్లుంటుంది. పడమటి ఇసుక గంగా మైదానంలోకి రాకుండా ఆపుతున్న గోడ ఇదే. ఆ గోడకు గనుల తవ్వకంతో గండ్లు పడితే ఏమవుతుందో మే నెల దుమ్ముగాలులలో మనమందరము మన ఇళ్ళ కిటికీల మీద చూస్తూనే ఉన్నాము.

నార్నౌల్ దాటగానే నేల లేత గోధుమరంగు దాల్చింది. పొలాల నడుమ విడివిడిగా, కొమ్మలు నరికిన చెట్లు కనిపించసాగాయి. మా శ్రీమతి, "ఏమండీ, ఇది మన జమ్మిచెట్టు కాదూ?" అన్నది. అక్షరాలా అదే. విజయదశమి నాడు మనము ప్రదక్షిణం చేసే శమీవృక్షమే ఇక్కడి 'ఖేజ్రీ'. ఇది రాజస్థాన్ రాష్ట్ర వృక్షం, తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా. మనకు పూజలో పత్రి. వీరికి పశువుల మేత, వంటచెరకు, నీడ, పైగా 'సాంగ్రీ' అనే కాయలతో ఏడాది పొడుగునా కూర. దీని వేరు చాలా లోతుకు దిగుతుంది కనుక పక్కన పండే సజ్జ పైరుతో నీటికై పోటీ పడదు. అందుచేతనే రైతు దీనిని పొలం నడుమ నిలుపుకుంటాడు. ఈ చెట్టును గూర్చి మరొక మాట జోధ్‌పూర్ వద్ద చెప్పవలసి ఉన్నది.

షేఖావాటీ ప్రాంతపు హవేలీల గోడల మీది చిత్రాలు ప్రసిద్ధమైనవే గాని, మేము మండావాలో ఒక గంట మాత్రమే ఆగాము. చీకటి పడేలోగా బీకానేర్ చేరాలని తొందర.

బీకానేర్: ఒంటె, కాలువ

బీకానేర్‌లోని జునాగఢ్ కోట కొండ మీద కాక చదును నేల మీద కట్టినది. రాజా రాయ్‌సింగ్ కాలంలో 1589 నుండి 1594 వరకు దీని నిర్మాణం సాగింది. కోట చూచి, ఊరగాయల వలె జాడీలలో కాక గోనెసంచులలో అమ్ముతున్న భుజియాను తగుమాత్రం కొనుక్కొని, జోడ్‌బీడ్ వద్ద గల ఒంటెల పరిశోధన కేంద్రానికి వెళ్ళాము. 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఇది. సందర్శకులకు ప్రవేశం ఉంటుంది. ఒంటె పాలతో చేసిన ఐస్‌క్రీము దొరుకుతుంది. రుచి కొద్దిగా ఉప్పన.

ఒంటె మూపురంలో నీరు ఉంటుందని చిన్నప్పుడు అందరమూ అనుకున్నవారమే. అందులో ఉండేది కొవ్వు. నీటి పొదుపులో దాని అసలు రహస్యం శరీర ఉష్ణోగ్రతలో ఉన్నది. మనకు రెండు డిగ్రీలు పెరిగితే జ్వరమని మంచమెక్కుతాము. ఒంటె మాత్రం తెల్లవారుజామున 34 డిగ్రీల దగ్గర మొదలై, సాయంత్రానికి 40 దాటినా చెమట పోయకుండా భరిస్తుంది. రాత్రి చలికి ఆ వేడిని వదిలివేస్తుంది. పగలు వేడిని దాచుకొని రాత్రి విసర్జించే ఈ పద్ధతిని ఏ యంత్రంలో అమర్చినా మనము మెచ్చుకొనక తప్పదు. దాని ఎర్రరక్తకణాలు అండాకారంలో ఉంటాయి గనుక, దాహం తీరా ఒక్కసారిగా వంద లీటర్లు తాగినా అవి చిట్లవు.

ఇంత గొప్ప జంతువు సంఖ్య తగ్గిపోతున్నది. 2012 పశుగణనలో దేశంలో సుమారు 4 లక్షల ఒంటెలు ఉండగా 2019 గణన నాటికి రెండున్నర లక్షలకు దిగాయి. 2014లో రాజస్థాన్ దీనిని రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. 2015లో వధను, రాష్ట్రం వెలుపలికి తరలింపును నిషేధించే చట్టం వచ్చింది. ఒంటెలు మేపే ఒక రాయికా వృద్ధుడు కేంద్రం వెలుపల టీకొట్టు వద్ద మాతో కూర్చొని, "సాబ్, చట్టం మంచిదే. కాని అమ్ముకోలేని పశువును కొనేదెవరు? కొనేవాడు లేని పశువును పెంచేదెవరు?" అన్నాడు. ట్రాక్టరు వచ్చాక బండికి ఒంటె అక్కరలేకపోయింది. మేత బీళ్ళు పొలాలైనాయి. ఆయన కుమారులిద్దరూ గుజరాత్‌లో లారీలు తోలుతున్నారట.

మరునాడు కొలాయత్ దాటి, దారి మళ్ళి, బజ్జు వైపు వెళ్ళి ఇందిరా గాంధీ కాలువను చూచాము. ఇంజనీరు అన్నవాడు ఈ కాలువ గట్టు మీద కాసేపు నిలువక పోలేడు. బీకానేర్ సంస్థానపు ఇంజనీరు కన్వర్ సేన్ 1948లో దీనిని ప్రతిపాదించారు. పంజాబులో సట్లెజ్, బియాస్ నదులు కలిసే చోట హరికే బ్యారేజీ నుండి నీరు మళ్ళించి, 204 కిలోమీటర్ల ఫీడరు, 445 కిలోమీటర్ల ప్రధాన కాలువ, వెరసి 649 కిలోమీటర్లు నడిపించి ఎడారికి చేర్చాలన్నది సంకల్పం. 1958 మార్చి 31న గోవింద వల్లభ పంత్ శంకుస్థాపన చేశారు. 1987 జనవరి 1న నీరు కాలువ చివరకు, జైసల్మేర్ జిల్లాలోని మోహన్‌గఢ్ వద్దకు చేరింది. గోదావరికి కాటన్ దొర, నాగార్జునసాగరానికి కె.ఎల్. రావుగారు ఎటువంటివారో ఈ ప్రాంతానికి కన్వర్ సేన్ అటువంటివారు.

గట్టుకు ఒకవైపు ఆవాలు పచ్చగా పూసి ఉన్నాయి, మరొకవైపు ఇసుక. అయితే ఈ నీటికి మరొక ముఖం కూడా ఉన్నది. చాలా చోట్ల ఇసుక కింద కొద్ది మీటర్ల లోతున జిప్సం, బంకమన్ను, గట్టి సున్నపు పొర పరచుకొని ఉంటుంది. ధారాళంగా పారించిన నీరు ఆ పొర దాటి కిందికి దిగక, నిలిచి పైకి ఉబికి, ఉప్పును వెంట తెచ్చి పొలాన్ని చవుడు చేస్తుంది. ఇక్కడివారు దీనిని 'సేమ్' అంటారు. విచిత్రమేమంటే, కాలువ రాకముందు శతాబ్దాల పాటు ప్రాణాలు నిలిపినది కూడా ఆ పొరే. కురిసిన నాలుగు చినుకులు ఇసుకలో ఇంకి, ఆ జిప్సం పొర మీద నిలుస్తాయి. మనిషి దిగడానికి మాత్రమే పట్టేంత సన్నటి బావి తవ్వి, ఊరి నీటిని చెంబుల లెక్కన తోడుకొనేవారు. అనుపమ్ మిశ్ర 1995లో వెలువరించిన 'రాజస్థాన్ కీ రజత్ బూందే' అనే హిందీ గ్రంథంలో ఈ నీటి వివరమంతా ఉన్నది. నేల మీద పారే వాన నీరు 'పాలర్', ఇసుకలో తేమగా నిలిచినది 'రేజాణీ', పాతాళంలోనిది 'పాతాళ్ పానీ' అని ఎడారివారు నీటికి మూడు పేర్లు పెట్టుకున్నారు. మనకు గొట్టంలో వచ్చేదంతా ఒక్కటే నీరు.

కొంగలు, పలకలు, పోఖరణ్

ఫలోదీకి దగ్గరలోని ఖీచన్ గ్రామాన్ని పిల్లలతో వెళ్ళేవారు ఎట్టి పరిస్థితిలోను విడువరాదు. మంగోలియా, మధ్య ఆసియా ప్రాంతాల నుండి హిమాలయాలను దాటి వేల సంఖ్యలో కుర్జా కొంగలు ఇక్కడికి శీతాకాలం గడపడానికి వస్తాయి. ఊరివారు వాటికి ప్రతి ఉదయం ధాన్యం చల్లుతారు. అందుకై ప్రత్యేకంగా కంచె వేసిన ఆవరణ ఉన్నది. మేము ఒక మేడ మీదికి ఎక్కి చూచాము. ముందు ఆకాశంలో ఒక గీత, తరువాత పది గీతలు, ఆపై బూడిదరంగు వాన వలె దిగాయి. వాటి అరుపుల హోరులో పక్కవారి మాట వినపడలేదు. 2025 జూన్‌లో ఈ గ్రామపు చెరువులకు రాంసర్ జాబితాలో చోటు దక్కింది.

ఈ ఫలోదీలోనే 2016 మే 19న 51 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. దేశంలో ఇంతవరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత ఇది. దీనికి ఉత్తరాన భడ్లా వద్ద 2,245 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. పద్నాలుగు వేల ఎకరాల పలకలు! మా కారు ఎంతసేపు పోయినా కంచె తరగలేదు. మా బావమరిది, "బావగారూ, ఇది మీవాళ్ళ ఎడారి" అని ఛలోక్తి విసిరాడు. పలకల మీద దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది. కడుగుదామంటే నీరు లేని చోటు. అందుకే ఇప్పుడు రాత్రివేళ పొడి బ్రష్షులతో తుడిచే యంత్రాలు వచ్చాయి. వృత్తిరీత్యా మాకు ఇది ఆనందం కలిగించే దృశ్యమే. అయితే ఆ ఆనందంతో ముడిపడిన చిక్కు ఒకటి జైసల్మేర్ దాటాక ఎదురైంది.

1974 మే 18న, తిరిగి 1998 మే 11, 13 తేదీలలో అణుపరీక్షలు జరిగిన పోఖరణ్‌లో ప్రయాణికునికి కనిపించేది ఒక చిన్న ఊరు, ఒక ఎర్రరాతి కోట, వేడి కచోరీలు. పరీక్షా స్థలానికి ప్రవేశం లేదు.

జైసల్మేర్ పరిసరాలు

రావల్ జైసల్ 1156లో స్థాపించిన ఈ పట్టణం, సాయంకాలపు ఎండలో పసుపురాతి కోటతో సహా మెరిసే తీరును వర్ణించినవారు వేనవేలు. మేము అది విడిచి, ఒక ఇంజనీరుకు కనిపించిన సంగతి చెబుతాము. కోటలో నేటికీ జనం కాపురముంటున్నారు. నీటిని గడీసర్ చెరువు నుండి బిందెలతో మోసుకున్నంత కాలం కోటకు ముప్పు లేకపోయింది. కొళాయిలు వచ్చాయి, అతిథి గృహాలు వచ్చాయి, వాడిన నీరు పోవడానికి తగిన కాలువలు రాలేదు. ఆ నీరు పునాదిలోని మెత్తని పొరలలోకి ఇంకి గుట్టను లోపలి నుండి బలహీనపరచింది. 1996లో ప్రపంచ స్మారకాల నిధి సంస్థ ఈ కోటను ఆపదలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. నీరు లేని దేశంలో ఎనిమిది వందల ఏళ్ళు నిలిచిన కోటకు నీటి వలననే చేటు వచ్చింది. 2013లో యునెస్కో గుర్తింపు లభించిన పిమ్మట కూడా మురుగునీటి సమస్యే అక్కడివారి తలనొప్పి.

బార్మేర్ దారిలో 17 కిలోమీటర్లు వెళితే ఆకల్ శిలాజ వన ఉద్యానం వస్తుంది. పేరు ఘనంగా ఉన్నా, చూడటానికి బోడి గుట్ట. దాని మీద అక్కడక్కడ ఇనుప చట్రాల కింద పడి ఉన్న రాతి దుంగలు. మా కుమార్తె మొదట పెదవి విరిచింది. దగ్గరకు వెళ్ళి ముట్టుకొని చూస్తే బెరడు గీతలు, కొమ్మ విరిగిన బుడిపె కనిపిస్తాయి. వేలితో తడితే రాయి చల్లగా తగులుతుంది. ఇవి సుమారు 18 కోట్ల సంవత్సరాల క్రిందటి వృక్షాలు. నాడు ఇక్కడ వానలు పుష్కలంగా కురిసేవి. తరువాత సముద్రం ముంచెత్తింది. ఆ సముద్రపు గవ్వలు నేటికీ జైసల్మేర్ సున్నపురాతిలో కనిపిస్తాయి. ఇంచుమించు ఆ కాలపుదే, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి వద్ద దొరికిన కోటసారస్ డైనోసార్. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్లో ఉన్నది. సెలవులకు వెళ్ళే పిల్లలకు రెండూ కలిపి చూపించవచ్చు. గవ్వల శిలాజాలతో నిండిన హాబూర్ రాతి గిన్నెలు బజారులో అమ్ముతారు. అందులో పాలు పోస్తే తోడు వేయకుండానే పెరుగవుతాయని అమ్మేవాని మాట. మా శ్రీమతి నమ్మలేదు, కాని కొన్నది.

కుల్‌ధరా అనే పాడుబడ్డ ఊరిని నేడు దెయ్యాల ఊరని చూపిస్తున్నారు. మాకు అది బాధ కలిగించింది. అక్కడ నివసించిన పాలీవాల్ బ్రాహ్మణులు ఎడారిలో గోధుమ పండించిన మహా నిపుణులు. దివాను సాలంసింగ్ దౌర్జన్యానికి తాళలేక ఒకే రాత్రి ఊళ్ళన్నీ విడిచిపోయారని కథ. వారు విడిచిపోయిన 'ఖడీన్' మాత్రం కథ కాదు. రాతి గుట్టల మీద పడిన వాన జారి వచ్చే పల్లంలో, వందల మీటర్ల పొడవున మట్టికట్ట వేసి నీటిని ఆపుతారు. నీరు ఇంకిపోయాక ఆ తేమ మీదనే గోధుమ, శనగ చల్లుతారు. మళ్ళీ తడి పెట్టవలసిన పని లేదు. మేము చూచిన ఖడీన్‌లో శనగ మోకాలి ఎత్తున ఉన్నది. వర్షపాతం ఏడాదికి 200 మిల్లీమీటర్లకు లోపే! దేశంలో తక్కువ వానకు జైసల్మేర్ తరువాత అనంతపురమే అని మన బడిపుస్తకాలలో చదువుకున్నాము. అనంతపురంలో కురిసేది దీనికి రెండింతలకు పైమాటే. సీమవాసులుగా ఆ పోలికను గొప్పగా చెప్పుకుంటూ తిరిగిన మాకు ఖడీన్ గట్టు మీద కొంచెం మొగమాటం కలిగింది.

పట్టణానికి పడమట 40 కిలోమీటర్లలో సమ్ వద్ద ఇసుక తిన్నెలు. జీపుల రొద, సంగీతపు హోరు భరించలేనివారు ఖూడీ వైపు వెళ్ళడం మేలు. గాలికి ఎదురుగా ఉన్న వాలు మెల్లగా, వెనుక వాలు నిటారుగా ఉంటుంది. వెనుక వాలు సుమారు 34 డిగ్రీలు మించదు; మించితే ఇసుక దానంతట అదే జారుతుంది. ఇసుకరేణువు గాలిలో తేలిపోదు. ఎగిరి, పడి, పడిన చోట మరో రేణువును ఎగరగొడుతూ గెంతుతుంది. ఈ గెంతు లెక్కలను 1941లో తన పుస్తకంలో మొదటిసారి సమగ్రంగా తేల్చిన బాగ్నల్డ్ కూడా బ్రిటిష్ సైన్యపు ఇంజనీరే. తెల్లవారుజామున, పర్యాటకులు లేవకముందు, తిన్నె మీద కూర్చుంటే ఆ గెంతు చప్పుడు వినపడుతుంది. బియ్యం చాటలో వేసి మెల్లగా కదిపినట్లు ఉంటుంది.

బట్టమేక పిట్ట

మా మేనమామగారి ఊరు నందికొట్కూరు ప్రాంతంలోనిది. 1980లలో వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు, రోళ్ళపాడు బీళ్ళలో మనిషి నడుమంత ఎత్తున, మెడ నిలువుగా నిలిపి, జమీందారు వలె నడిచిపోయే పక్షిని మేము చూచాము. దానిని అక్కడ బట్టమేక పిట్ట అంటారు. 1988లో రోళ్ళపాడును దాని కొరకై అభయారణ్యంగా ప్రకటించారు. చుట్టుపక్కల బీళ్ళు పొలాలైనాయి, సాగునీరు వచ్చింది, పిట్ట కనుమరుగైంది. సాగునీరు వద్దని కర్నూలు జిల్లావాడు ఎవడూ అనలేడు, మేమూ అనము. కాని ఆ నడక మళ్ళీ చూడాలన్న కోరిక మాత్రం నలభై ఏళ్ళుగా మనసులో ఉన్నది.

ఇప్పుడు అవి మిగిలినది దాదాపుగా జైసల్మేర్ ప్రాంతంలోనే. దేశం మొత్తం మీద 150కి మించవు. ఇక్కడి పేరు 'గోడావణ్', రాజస్థాన్ రాష్ట్ర పక్షి. 1980లో ఏర్పడిన 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ ఉద్యానంలో, సుదాసరీ వైపు అనుమతి తీసుకొని తెల్లవారుజామున వెళ్ళాము. రెండు గంటలు చింకారా జింకలే కనిపించాయి. ఎండ పొడచూపిన తరువాత మా వెంట వచ్చిన స్థానిక మార్గదర్శి చేయి పట్టుకొని ఆపాడు. సేవణ్ గడ్డి నడుమ, మూడు వందల మీటర్ల దూరంలో, తెల్లని మెడ. అదే నడక. దుర్భిణిని మా కుమార్తెకు ఇవ్వడానికి మనసొప్పలేదు.

తిరిగి వస్తుండగా ఆ మార్గదర్శి మేము చేసే పని ఏమిటని అడిగాడు. కరెంటు లైన్ల పని అని చెప్పాము. అతడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "గోడావణ్‌ను చంపేది ఇప్పుడు వేటగాడు కాదు సాబ్, తీగ" అన్నాడు. అందులో నింద లేదు. వాతావరణం చెప్పినట్లు చెప్పాడు.

అతడు చెప్పినది నిజం. ఈ పక్షికి కళ్ళు తలకు పక్కల ఉంటాయి. నేల మీది శత్రువును నలుదిక్కులా కనిపెట్టడానికి అనువుగా ఏర్పడిన చూపు, ఎగిరేటప్పుడు సూటిగా ఎదుట ఉన్నది సరిగా కనబడదు. బరువు పదిహేను కిలోల దాకా ఉంటుంది కనుక చివరి క్షణంలో తప్పుకోలేదు. లావుపాటి కండక్టరును ఎలాగో గుర్తించి పైకి లేచిన పక్షి, దాని పైన ఉండే సన్నని ఎర్త్‌వైరుకు తగిలి కూలుతుంది. ఏడాదికి సాధారణంగా ఒక్కటే గుడ్డు పెట్టే జాతికి ఈ నష్టం పూడేది కాదు. థార్‌లోని ఒక ప్రాంతంలో అన్ని జాతులూ కలిపి ఏడాదికి సుమారు 84,000 పక్షులు తీగల వలన మరణిస్తున్నట్లు భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ పక్షి తిరిగే ప్రాంతాలలో తీగలను వీలైనంతవరకు భూగర్భంలో వేయాలని ఆదేశించింది. మన రంగంలో నాడు ఎంత కలవరం పుట్టిందో చాలామందికి జ్ఞాపకమే. 33 కె.వి. లైనును భూగర్భంలోకి దింపవచ్చు. 400 కె.వి., 765 కె.వి. లైన్ల సంగతి వేరు. ఎక్కువ పొడవున వేసిన కేబులు ఒక పెద్ద కెపాసిటరు వలె ప్రవర్తించి, దాని సామర్థ్యాన్ని ఛార్జింగు కరెంటే తినివేస్తుంది. నడుమ నడుమ రియాక్టర్లు పెట్టాలి. పైగా పొడి ఇసుక వేడిని బయటికి పోనివ్వదు. ఖర్చు అనేక రెట్లు. ఈ వాదనలన్నీ నిజమైనవే. 2024 మార్చిలో న్యాయస్థానం సుమారు 99,000 చదరపు కిలోమీటర్లకు వర్తించే ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల సంఘాన్ని నియమించింది. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుండి రక్షణ కూడా పౌరుల హక్కేనని అదే తీర్పులో చెప్పింది. సంఘం సిఫార్సులను 2025 డిసెంబరులో అంగీకరించింది.

వాదనలు నిజమైనంత మాత్రాన పక్షి బతకదు గదా. ఎర్త్‌వైరుకు తగిలించే డైవర్టర్లు, అంటే గాలికి తిరుగుతూ మెరిసే చిన్న పలకలు, కొంత మేలు చేస్తాయి. అయితే అవి ఊడిపోకుండా, తిరగడం ఆగిపోకుండా చూచుకొనే నిర్వహణ ఉండాలి. మేము వచ్చిన దారిలో ఒక లైనుకు అవి వరుసగా మెరుస్తున్నాయి. మరొక లైనుకు మూడు టవర్ల మధ్య ఒక్కటీ మిగలలేదు. మా వృత్తిలో లైను ఛార్జి అయిన రోజే పని పూర్తి అయినట్లు లెక్క. ఆ లెక్క మార్చుకోవలసి ఉన్నదని మా అభిప్రాయం. నిర్వహణ పట్టికలో ఇన్సులేటరు పక్కన డైవర్టరుకు కూడా ఒక గడి ఉంటే పెద్ద ఖర్చేమీ కాదు. సమ్ వద్ద సంరక్షణ కేంద్రంలో గుడ్లు పొదిగించే పని 2019 నుండి సాగుతున్నది. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ ద్వారా తొలి పిల్ల పుట్టింది. ఆ పిల్లలను ఒకనాడు వదలవలసినది ఈ ఆకాశంలోనే.

జోధ్‌పూర్, సాంభర్

జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ కోట నిలిచిన గుట్ట అగ్నిపర్వతపు రాయి. సుమారు 75 కోట్ల ఏళ్ళ నాటి విస్ఫోటంలో పడిన వేడి బూడిద కరడు కట్టినది. కోట కింద రావ్ జోధా శిలా ఉద్యానంలో ఎడారి మొక్కలను పేర్లతో సహా పెంచుతున్నారు. పచ్చదనం కోసమని తెచ్చి, దేశమంతా పాకి, ఢిల్లీ రిడ్జిని కూడా ఆక్రమించిన మన సర్కారు తుమ్మను అక్కడ వేళ్ళతో సహా ఉలితో తొలిచి తీసివేశారు. ఆ శ్రమ చూచిన తరువాత మా కాలనీ తోటమాలి మీద మాకున్న ఫిర్యాదులు కొంత తగ్గాయి.

జోధ్‌పూర్‌కు దగ్గరలోనే ఖేజడ్‌లీ గ్రామం. 1730లో రాజు కొత్త మందిరానికి సున్నం కాల్చుటకు జమ్మిచెట్లు నరకడానికి మనుషులు రాగా, అమృతాదేవి అనే బిష్ణోయీ స్త్రీ చెట్టును కౌగిలించుకొని తల అర్పించింది. ఆమె వెనుక ఆమె కుమార్తెలు, ఆపై ఊరూరి నుండి వచ్చినవారు, మొత్తం 363 మంది. వారి స్మారకం చుట్టూ జమ్మిచెట్లు దట్టంగా ఉన్నాయి. మా శ్రీమతి అలవాటు చొప్పున మూడు ప్రదక్షిణలు చేసింది. అక్కడ ఉన్న ముసలమ్మ ఒకతె ఆమె చేయి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకున్నది. ఇద్దరికీ భాష కలవలేదు. సౌర విద్యుత్ పార్కులకై జమ్మిచెట్లు నరుకుతున్నారని బీకానేర్ ప్రాంతంలో ఇటీవల బిష్ణోయీలు ఆందోళనలు చేశారు. ఆ ముసలమ్మ మనుమడు ఆ సంగతి ఎత్తి, మేము ఏ శాఖవారమని అడిగినప్పుడు, మా బావమరిది చప్పున అందుకొని, "ఆంధ్ర నుండి వచ్చాము" అన్నాడు. అబద్ధమేమీ కాదు.

సాంభర్ సరస్సు దేశంలో భూభాగం లోపలి ఉప్పునీటి సరస్సులలో కెల్లా పెద్దది. ఇక్కడ ఉప్పు తీసే సాంభర్ సాల్ట్స్ కూడా మనవంటి ప్రభుత్వరంగ సంస్థే. తెల్లని మడుల మీద రాజహంసలు గులాబీరంగు గీతల వలె నిలిచాయి. పులికాట్‌లో చూచినవారికి కొత్త కాదు. 2019 నవంబరులో ఇక్కడ బొటులిజం వ్యాధితో వేలాది పక్షులు మరణించాయి. మేము వెళ్ళిన సాయంత్రం మాత్రం నీరంతా వాటి సందడే.

వెళ్ళదలచినవారికి కొన్ని సూచనలు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకే అనుకూలం. రాత్రి చలి అయిదారు డిగ్రీలకు దిగుతుంది, స్వెట్టర్లు మరువరాదు. బీకానేర్, జైసల్మేర్‌ల నడుమ పెట్రోలు బంకు కనిపించిన చోటల్లా ట్యాంకు నింపుకోవడం మంచిది. టైరులో గాలి చూచుకోవాలి; రోడ్డు మీదికి ఇసుక పాకిన చోట బ్రేకు గట్టిగా తొక్కరాదు. మధ్యాహ్న భోజనానికి ధాబాలలో సజ్జరొట్టె, కేర్-సాంగ్రీ కూర అడిగి పెట్టించుకోండి. ఆవకాయ తీసుకువెళితే రొట్టెకు కూడా బాగుంటుంది. సుదాసరీ వెళ్ళేవారు ముందుగానే జైసల్మేర్‌లోని అటవీ కార్యాలయంలో అనుమతి పొందాలి, ముదురు రంగు దుస్తులు వేసుకోరాదు, పిల్లలను కేకలు వేయనీయరాదు. మొత్తం దూరం 1,900 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. దుర్భిణి ఇంటిల్లిపాదికీ ఒక్కటి చాలదు, రెండు తీసుకువెళ్ళండి.